ఏడో గేటు పత్రం

సర్దుడుకు ఇంకా పదమూడు రోజులు

పని పుస్తకం రోజూ రాయాలట. ముప్పై ఏళ్లుగా ఈ పత్రాల గదిలో కూర్చుని ఊళ్లో ఉన్న ప్రతి మోటారు గురించీ ప్రతి పంకా గురించీ రాస్తున్నాను. ఇప్పుడు నా గురించి కూడా నేనే రాసుకోవాలని కమిటీ ఆర్డరు వేసింది. రాస్తాను, నాకేం పోయింది.

పొద్దున్నే వచ్చి పైకప్పు కారుతున్న చోట పెట్టిన బక్కెట్ పారబోశాను. పోయిన వారం రాత్రికి ఒక బక్కెట్ నిండేది, ఇప్పుడు ఒకటిన్నర. కంప్యూటర్ తెరల మీద పేరుకున్న ఉప్పుని చింతపండు నీళ్లలో తడిపిన గుడ్డతో తుడిచాను. ఆ తర్వాతే అసలు పని. మొత్తం పదకొండు వందల నలభై పత్రాలు. గాలి పంకాల డ్రైవర్లవి, అంటే వాటిని తిప్పే కోడ్‌వి, పంపుల డ్రైవర్లవి, సముద్రపు గేట్లవి, ఇవి కాక పత్రాలు దాచే ఫైల్ సిస్టమ్‌వి నలభై. అన్నిటినీ కొత్త నమూనాలోకి మార్చాలి. అందులో నా వాటా తొంభై ఆరు.

ఇంతకు ముందు మా పత్రాల ముఖం ఎవడూ చూసేవాడు కాదు. ఏ పంపో ఆగిపోతే మేస్త్రి వచ్చి, రెండు వాక్యాలు చదివి, పెదవి విరిచి, సుత్తి పెట్టి ఒకటి కొట్టి వెళ్లేవాడు. ఇప్పుడు యంత్రాలన్నిటినీ నడిపే కెర్నలే చదవబోతోంది. కోడ్ రాయగలిగినవాళ్లు మా తాతల కాలంలోనే అయిపోయారు, డ్రైవర్లేమో ఒక్కొక్కటీ మొరాయిస్తున్నాయి. సముద్రానికి అడ్డంగా ఈ గట్టు కట్టినవాళ్లు కెర్నల్లో ఒక ఏర్పాటు దాచి వెళ్లారని పోయిన ఏడాదే బయటపడింది. అది పత్రాన్నీ డ్రైవర్నీ పక్కపక్కన పెట్టి చూస్తుంది. తేడా ఉంటే పత్రం చెప్పినట్టుగా డ్రైవర్ని తిరగరాస్తుంది. పత్రమే లేకపోతే డ్రైవర్ని దించేస్తుంది, ఇక ఆ యంత్రం కదలదు. దానికి మేం పెట్టుకున్న పేరు సర్దుడు. ఊరు పుట్టాక ఇదే మొదటిసారి.

అంటే ఇక మేం రాసిందే నిజం. గదిలో అందరూ పెళ్లివారిలా తిరుగుతున్నారు.

సర్దుడుకు ఇంకా పన్నెండు రోజులు

గౌరునాయుడు నా పక్క కుర్చీ. నాకన్నా ఆరేళ్లు చిన్న. పత్రాలన్నీ పోగుచేసి కెర్నల్‌కి అందించే బాధ్యత అతనిదే. పొద్దున్నుంచీ నన్ను ఆటపట్టిస్తున్నాడు.

"పైడమ్మప్పా, ఇంక నువ్వు కాలు నొప్పి లేదని ఒక పత్రం రాసీ. సర్దుడు సూసి నీ మోకాలు సర్దీస్తాది."

"నీ నోటికి కూడా ఒక పత్రం రాస్తాను, మూసుకుంటాది" అన్నాను.

మధ్యాహ్నం గేట్ల పత్రాలు పట్టుకున్నాను. మా దగ్గర ఒక ఆచారం ఉంది. ఏ పత్రం రాసినా, ఆ యంత్రం దగ్గరికి వెళ్లి, అది ఒక పూర్తి చుట్టు తిరిగేదాకా పక్కన కూర్చోవాలి. లేచి వచ్చి రాయాలి. చివర 'చూశాను' అని రాసి వేలిముద్ర వేయాలి. చూడని వరుసలో 'చూడలేదు' అని రాయొచ్చు కూడా. అలా రాసిన వరుసని సర్దుడు ముట్టుకోదు. కానీ ముప్పై ఏళ్లలో ఏ పత్రంలోనూ నాకు ఆ మాట కనబడలేదు. రాస్తే సిగ్గుచేటు కదా.

ఆరో గేటు పత్రం మార్చాను. పల్లపు వీధిలో ఊరిన నీళ్లని బయటికి వదిలే గేటు అది. నీరు రెండో గీత దాటితే తెరుచుకుంటుంది, తొంభై సెకన్లు పడుతుంది, కుడి రేకు మీద సొట్ట ఉంది. తర్వాత ఏడో గేటు పత్రం తీశాను. నీరు రెండో గీత దాటితే తెరుచుకుంటుంది. తొంభై సెకన్లు. కుడి రేకు మీద సొట్ట.

కింద నా వేలిముద్ర. పదకొండేళ్ల కిందటిది.

సొట్ట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. రెండు గేట్లకీ ఒకే చోట సొట్ట ఎలా ఉంటుంది? ఉండదు. ఆ రోజు నేను ఏడో గేటుకి వెళ్లలేదు.

గుర్తొచ్చింది, అంతా గుర్తొచ్చింది. ఏడో దానికి దిగడానికి మూడు వందల నలభై మెట్లు. ఆరో గేటు చూసి వచ్చేసరికే మోకాలు వాచింది. అప్ప, అంటే మా అక్క, వంజరం పులుసు పెట్టానని కబురు చేసింది. ఆరో దాని పత్రం దించి, అంకె మార్చి, వేలిముద్ర వేసి పులుసు తినడానికి వెళ్లాను. రెండుసార్లు వడ్డించుకున్నాను కూడా.

సర్దుడుకు ఇంకా పదకొండు రోజులు

రాత్రంతా కన్ను మూతపడలేదు. ఏడో గేటు ఆరో దానిలాంటిది కాదు. ఆరో గేటు వీధి నీళ్లని పక్కనున్న కాలవలోకి వదులుతుంది. ఏడోది సముద్రానికీ పల్లపు వీధికీ మధ్య ఉన్న ఒకే ఒక్క తలుపు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు బాగా పొంగినప్పుడు అది మూసుకోవాలి. మూసుకుంటోంది కాబట్టే పల్లపు వీధి ఇంకా ఉంది. నా పత్రమేమో తెరుచుకుంటుందని చెబుతోంది.

సర్దుడు నా మాటే వింటుంది.

సాయంత్రం పల్లపు వీధికి వెళ్లాను. మా అప్ప సింహాచలం అక్కడే వీధి వంటశాల నడుపుతుంది. ఆరు వందల పన్నెండు మందికి రెండు పూటలా వండుతుంది. నన్ను చూడగానే గరిటె పక్కన పెట్టింది.

"ఒలే పైడీ, ఏటే ఆ మొకం? తిన్నావా, లేదా?"

"ఆకలి లేదప్పా. గోడ అవతల గేటు చప్పుడు నీకు ఎప్పుడైనా వినబడుతుందా?"

"ఏ గేటు? ఓ, అదా! అమావాస్యకీ పున్నానికీ గోడలోంచి ఒక్కటే దెబ్బ ఇనపడతాది. ధన్! గిన్నెలన్నీ ఒక్కసారి గెంతుతాయి. మా పిల్ల గుంటలు దాన్ని సముద్రం తలుపు కొట్టీసింది అంటారు." అప్ప నా చేతిలో పళ్లెం పెట్టింది. "అదంతా నీకెందుకు గానీ, తిను."

పళ్లెం పట్టుకుని కూర్చున్నాను. నా చుట్టూ పిల్లలు చేపముళ్ల కోసం పిల్లిని తరుముతున్నారు. ఒక్క ముద్ద కూడా దిగలేదు.

సర్దుడుకు ఇంకా పది రోజులు

నాకు మిగిలింది ఒకటే ఆశ. మా ఫైల్ సిస్టమ్ దేన్నీ చెరపదు. పత్రం మార్చిన ప్రతిసారీ పాతదాన్ని కింద దాచి ఉంచుతుంది. ఆ సంగతి నేనే రాశాను, చూసి మరీ రాశాను. నాకన్నా ముందు ఏడో గేటు పత్రం రాసింది అప్పలనరసమ్మ గారు. నాకు పని నేర్పిన మనిషి. 'చూడకుండా రాస్తే చెయ్యి విరుస్తాను' అని నా వేళ్ల మీద స్కేలుతో కొట్టిన మనిషి. ఆవిడ పత్రం బయటికి తీస్తే చాలు, అందులో ఉన్నది ఉన్నట్టు దించుకోవచ్చు.

తీశాను.

నీరు రెండో గీత దాటితే తెరుచుకుంటుంది. తొంభై సెకన్లు. కుడి రేకు మీద సొట్ట. చూశాను.

ఆవిడకి ముందు రాసిన ఆయనదీ అంతే. ఆయనకి ముందు రాసినావిడదీ అంతే. ఐదు తరాలు తవ్వుకుంటూ వెళ్లాను. అన్నిటిలోనూ ఆరో గేటు సొట్ట ఉంది. అన్నిటి కిందా 'చూశాను' అనే ఉంది. ఏడో గేటుని చూసిన మనిషి ఈ ఊళ్లో ఒక్కరు కూడా లేరు. ఉన్నారని మేమంతా అనుకుంటూ వచ్చాం.

అప్పలనరసమ్మ గారి మీద కోపం వచ్చింది. నా చెయ్యి విరవాలి సరే, మరి ఆవిడది ఎవరు విరిచారు? తర్వాత ఏడుపొచ్చింది. ఆ మెట్లు దిగిన రోజు ఆవిడ మోకాళ్లు ఎలా ఉన్నాయో ఎవరికి తెలుసు.

సర్దుడుకు ఇంకా ఎనిమిది రోజులు

గౌరునాయుడికి చెప్పేశాను. టీ తాగుతుంటే చెప్పాను. గ్లాసు కింద పెట్టాడు.

"ఈ సర్దుడు ఆపెయ్యి నాయుడూ. కమిటీకి నేను చెప్పుకుంటాను. ఉద్యోగం పోతే పోతుంది."

"కమిటీ సేతుల్లో లేదప్పా. ఒకసారి మొదలెట్టీసినాక కెర్నలే రోజులు లెక్కెట్టుకుంటాది. ఆపడం ఎలాగో పత్రం ఉంది. నిన్న తీసి సదివినాను." గొంతు తగ్గించాడు. "అందులో కూడా సొట్ట ఉందప్పా. అదీ సూడకుండా దించిందే."



"పోనీ, ఏడో గేటు పత్రం తీసేద్దాం" అన్నాను.

"తీసేస్తే డ్రైవర్ని దించీస్తాది. అప్పుడు గేటు ఎక్కడున్నది అక్కడే. తెరుసుకునే ఉంటాది."

"మూసుకుంటుంది అని రాసేస్తే?"

"ఏ గీత కాడ? ఎంతసేపట్లో? గేటు పత్రంలో ఎప్పుడు, ఎటు, ఎంతసేపు, ఈ మూడూ నింపాల్సిందే. ఇక్కడ సూడలేదు అంటే ఒప్పుకోదు. నువ్వు నలభై సెకన్లని రాసి, దానికి తొంభై కావాల్సొస్తే, నలభయ్యో సెకనుకి మోటారు ఆగిపోతాది. తలుపు సగంలో నిలబడిపోతాది."

అంటే చూసి రావాలి. పౌర్ణమి పోటు ఎనిమిది రోజుల ముందే వెళ్లిపోయింది. ఇక మిగిలింది అమావాస్య. అది సర్దుడుకి సరిగ్గా ఒక్క రోజు ముందు, మధ్యాహ్నం.

లేచి వెళ్తుంటే వెనక నుంచి అడిగాడు. "అప్పా, నీదొక్కటేనా?"

నేను తిరిగి చూశాను. అతను నా కళ్లలోకి చూడలేదు. "ముప్పై ఒకటో పంకా" అన్నాడు మెల్లగా. "బడి గదికి గాలి తోలేది."

సర్దుడుకు ఇంకా ఆరు రోజులు

ఈరోజు పత్రాల గదిలో పదకొండు కుర్చీలు ఖాళీ. నిన్న నాలుగే. ఎక్కడికి వెళ్లారని ఎవరూ ఎవర్నీ అడగడం లేదు. మెట్ల మీద దీపాలు పట్టుకుని కిందికి దిగేవాళ్లు, బూజు అంటిన చొక్కాలతో పైకి ఎక్కేవాళ్లు. ఎదురుపడితే గోడ వైపు తిరిగి తప్పుకుంటున్నారు. పెళ్లి సందడంతా ఎగిరిపోయింది. గౌరునాయుడు రాత్రంతా ముప్పై ఒకటో పంకా కింద కూర్చుని వచ్చాడు. కళ్లు ఎర్రబడ్డాయి.

"పత్రంలో ఆరు రెక్కలని రాసినాను. నాలుగే ఉన్నాయి" అన్నాడు. 

బక్కెట్ రెండున్నర.

సర్దుడుకు ఇంకా నాలుగు రోజులు

సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయం చూసుకుని ఏడో గేటుకి దిగాను. మూడు వందల నలభై మెట్లు, మధ్యలో తొమ్మిదిసార్లు కూర్చున్నాను. గౌరునాయుడు సంచీ మోశాడు.

గేటు తెరిచి ఉంది. లోపలి వైపు గోడకి తలుపు తెరవడానికి మాత్రమే తిరిగే ఇనుప చేతి చక్రం. బయటి వైపు ఒక గది, ఆ గదికి అవతల సముద్రం. నీటి గీతలు ఆ బయటి గదిలో, చివరి గోడ మీద గీసి ఉన్నాయి. లోపల నిలబడితే కనబడవు. గేటు దగ్గర్నుంచి ఆ గోడకి పన్నెండు అడుగులు వేశాను. బయటి వైపు చక్రం లేదు, పిడి లేదు, నున్నటి ఇనుము. కుడి రేకు మీద చెయ్యి వేసి పైనుంచి కిందికి తడిమాను. సొట్ట లేదు. బయటి గదిలో చలి, కుళ్లిన నాచు వాసన. గోడలకీ పైకప్పుకీ ఆల్చిప్పలు అతుక్కుని ఉన్నాయి.

చూసినవన్నీ చూసినట్టు రాసుకున్నాను. పాత అలవాటే, కానీ ఈసారి ప్రాణానికి హాయిగా అనిపించింది.

సర్దుడుకు ఇంకా రెండు రోజులు

గౌరునాయుడితో గొడవ. అతను వెళ్తానంటాడు.

"నీ మోకాలుతో ఏటి ఎల్తావు? నానెల్తాను. గీత సూసి లోపలికి గెంతీస్తాను."

"పంకా నీది, గేటు నాది. వేలిముద్ర నాది నాయుడూ. పులుసు తిన్నది నేను, నువ్వు కాదు."

"మరి గేటు మూసుకోడం మొదలైతే?"

"తొంభై సెకన్లు ఉంది. పన్నెండు అడుగులు. కుంటుకుంటూ వచ్చినా ముప్పై చాలు. ఇంకా అరవై మిగులుతుంది."

"తొంభై అని ఎవలు సెప్పినారు?"

విసుగొచ్చింది. "పదకొండు గేట్లకీ తొంభయ్యేనయ్యా! అందులో ఆరు నా కళ్లతో చూశాను. అదే మోటారు, అదే కొలత, ఒకే చేత్తో కట్టినవి. దీనికొక్కదానికి వేరేగా ఎందుకుంటుంది?"

 గౌరునాయుడు లోపలి వైపు చక్రం దగ్గర తనే నిలబడతానన్నాడు. సరే అన్నాను.

తర్వాత అప్ప దగ్గరికి వెళ్లి కడుపు నిండా తిన్నాను. ఎల్లుండితో ఈ భయం పోతుందని ఆకలి వేసింది. అప్పకి మాత్రం ఏమీ చెప్పలేదు. చెబితే గరిటె విరిగేదాకా కొట్టేది.

సర్దుడుకు ఒక రోజు. అమావాస్య

పలక తెచ్చుకున్నాను. ఇక్కడ రాసింది రాసినట్టు ఫైల్ సిస్టమ్‌కి చేరుతుంది. గేటు లోపలి వైపు గౌరునాయుడు తన పలకలో చదువుతుంటాడు. నేను గీతల గోడ పక్కన నిలబడ్డాను. నీరు మడమలు దాటింది.

మొదటి గీత. గేటు కదల్లేదు.

రెండో గీత దాటింది. గేటు కదల్లేదు. చూశావా, తెరుచుకోనూ లేదు, మూసుకోనూ లేదు. ఐదు తరాలు అబద్ధం చెప్పాం. గౌరునాయుడు అటు నుంచి వచ్చేయమని అరుస్తున్నాడు. ఇంకా గీత తెలియలేదు, ఎలా వస్తాను? నీరు మోకాళ్లకి వచ్చింది. మందు రాసినట్టుంది, నొప్పి తెలియడం లేదు.

మూడో గీత. లేదు.

నాలుగోది ఎర్ర గీత. నీరు తాకీ తాకగానే గంట మోగింది. ఒక్కసారే.

అయిపోయింది.

నిదానంగా రాస్తాను.  గంట మోగగానే తిరిగాను. నడుం దాకా నీరు, అడుగు పడలేదు. నాలుగు అడుగులు వేశాను. సెకన్లు లెక్కపెడుతూనే వేశాను. పదకొండుకి గేటు ధన్ అంది.

అప్ప చెప్పింది కదా! ఒక్కటే దెబ్బ అంది. ఆరో గేటు తొంభై సెకన్లపాటు గీరుకుంటూ మూలుగుతుంది, దానికి దెబ్బ ఎక్కడిది? పళ్లెం చేతిలో పట్టుకుని విన్నాను. విని కూడా నా పత్రాన్నే నమ్మాను. నేను చూడకుండా రాసింది నేనే నమ్మాను.

గౌరునాయుడూ, నువ్వు చదువుతున్నావని తెలుసు. ఇనుము మీద నువ్వు కొట్టే దెబ్బలు అరచేతికి తెలుస్తున్నాయి. చక్రం ముట్టుకోకు. అది తిప్పావంటే ఈ నీరంతా పల్లపు వీధిలోకి దిగుతుంది. వంట వేళ. పిల్లలంతా అక్కడే ఉంటారు. చక్రం వదిలి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడు. అప్ప మీద ఒట్టు.

భయంగా ఉంది. దాచను. చాలా భయంగా ఉంది.

కింద పత్రం రాస్తున్నాను. రేపటికి దీన్నే ఇవ్వు. పాతదాన్ని చెరపకు, ఎలాగూ చెరపలేవు.

ఏడో గేటు డ్రైవర్ — పత్రం

ఎప్పుడు: నీరు నాలుగో గీతని, ఎర్రదాన్ని, తాకినప్పుడు. ముందు గంట ఒకసారి మోగుతుంది. చూశాను.

ఎటు: మూసుకుంటుంది. చూశాను.

ఎంతసేపు: పదకొండు సెకన్లు. చూశాను.

కుడి రేకు: సొట్ట లేదు. చూశాను.

చక్రం: లోపలి వైపు మాత్రమే. బయటి వైపు పిడి లేదు. చూశాను.

నీరు ఎంతవరకు వస్తుంది: పైకప్పు మీద ఆల్చిప్పలు ఉన్నాయి. ఆల్చిప్పలు చూశాను. నీరు ఇంకా చూడలేదు.

తెరుచుకోవడం: చూడలేదు.

— పైడమ్మ

సవరణ, అదే రోజు

నీరు ఎంతవరకు వస్తుంది: పైకప్పు దాకా. తడి చూశాం.

తెరుచుకోవడం: మూసుకున్న నాలుగు గంటల పది నిమిషాలకి, నీరు ఎర్ర గీత కిందికి దిగాక, తనంతట తనే. చూశాం.

— గౌరునాయుడు, సింహాచలం